పాత పికప్ క్యాబిన్ సొంతంగా బాగుచేసుకోవడం: ముందు నీళ్ళు, తర్వాత తుప్పు, తర్వాత వైర్లు, సీటు ఆఖర్న

పదీ పన్నెండేళ్ళు తిరిగిన బొలేరో పికప్పో టాటా 207నో చేతికి రాగానే మనవాళ్ళు మొదట చేసేది సీటు కవర్లు వేయించడం, కింద మ్యాట్ అంటించేయడం, డ్యాష్‌బోర్డు కింద లైట్ల పట్టీ పెట్టించడం. చూడ్డానికి బాగానే ఉంటుంది, రెండు వానాకాలాలు పోయాక ఆ మ్యాట్ ఎత్తితే మాత్రం కింద రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అవతలికి దిగిపోతుంది. క్యాబిన్‌లోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తేలకుండా లోపల అలంకారానికి రూపాయి కూడా పెట్టొద్దు. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, మిగతావన్నీ వరసలో చేసుకుంటూ పోయే పనులే.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు తిరిగిన బండి కొన్నారంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. రొయ్యల ట్రేలు, ఐసు, కరిగిన ఉప్పునీళ్ళు వెనక తొట్టిలోంచి కారి ఛాసిస్ మీద, వెనక కమానుకట్టల బ్రాకెట్ల మీద, క్యాబిన్ వెనక గోడ కింద పడుతూ ఉంటాయి, పైన పెయింట్ నిగనిగలాడుతున్నా కింద పొరలు పొరలుగా లేస్తా ఉంటుంది. ఉప్పు ఉన్న తడి మామూలు తడి కంటే చాలా వేగంగా రేకుని తినేస్తుంది. అలాంటి బండి అయితే ముందు కింద అంతా మంచినీళ్ళతో ప్రెషర్ వాష్ చేయించి, రెండు రోజులు ఎండబెట్టి, అప్పుడు టార్చి పట్టుకుని చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం కావాలి

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి మే లోపు అయ్యేలా చూసుకోండి. వానల్లో రేకు ఆరదు, ప్రైమర్ కింద తేమ ఉండిపోతే పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా బుడగలు లేస్తాయి.

పానాల సెట్టు (10, 12, 13, 14, 17, 19 ఎంఎం రింగు పానాలు తప్పకుండా), సాకెట్ సెట్టు, స్టార్ స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, ఒక మంచి మల్టీమీటర్, వైర్ల చివర బిగించే లగ్గులు నొక్కే క్రింపింగ్ టూల్, యాంగిల్ గ్రైండర్‌కి వైర్ బ్రష్ కప్పు, 80, 120, 220 నంబరు ఎమిరీ పేపర్లు, కళ్ళద్దాలు, మాస్కు. వీటిలో దేనికైనా వెనకాడితే వెనకాడండి గానీ కళ్ళద్దాలకి మాత్రం వద్దు, వైర్ బ్రష్ కప్పు నుంచి ఊడిన తీగ ముక్క సూదిలాగా వచ్చి గుచ్చుకుంటుంది. ఒక కిలో డ్రై పౌడర్ అగ్నిమాపక సిలిండర్ దగ్గర పెట్టుకోండి. కింద దూరి పని చేయాల్సి వస్తే ఉత్త జాకీని నమ్ముకుని బండి కిందకి వెళ్ళొద్దు, స్టాండ్లు పెట్టి, చక్రాలకి దుంగలు వేసి, గేరులో పెట్టి అప్పుడు దూరండి.

ఇంజన్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఆయిలు, ఫిల్టర్లు మార్చడం, డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్ళు వదలడం లాంటివి ఇంట్లో చేసుకోవచ్చు. కామన్ రైల్ ఇంజన్ అయితే ఇంజెక్టర్ల పైపులు మాత్రం ముట్టుకోవద్దు, అందులో ప్రెషర్ వెయ్యి బార్‌కి పైన ఉంటుంది, సన్నటి లీకు కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. బ్రేకులు, స్టీరింగు పని కూడా తెలిసిన మేస్త్రీకే ఇవ్వండి.

మొదటి పని: నీళ్ళ దారి పట్టుకోవడం

మ్యాట్, దాని కింద స్పంజి మొత్తం తీసేయండి. సీటు కూడా విప్పేస్తే ఇంకా మంచిది, మామూలుగా బోల్టులు మట్టి, తుప్పు పట్టి బిగుసుకుని ఉంటాయి, ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తే పొద్దున్నకి కదులుతాయి. నేల పొడిగా తుడిచేసి, మీద పాత న్యూస్ పేపర్లు పరచండి. తడి ఎక్కడ మొదలైందో పేపరు మీద మరక చెప్పేస్తుంది.

ఇప్పుడు ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయట పైపుతో నీళ్ళు వదలాలి. ప్రెషర్ పెట్టొద్దు, వాన పడ్డట్టు మెల్లగా పారాలి. కిందనుంచి పైకి రావాలి, ఇది ముఖ్యం. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని చోట్లా కారి ఏది అసలు లీకో తెలియదు. ముందు డోరు కింది భాగం, తర్వాత అద్దం కింద వైపర్లు ఉండే జాగా, తర్వాత ముందు అద్దం మూలలు, తర్వాత వెనక అద్దం, ఆఖర్న రూఫ్ అంచు. ఒక్కో చోట అయిదు నిమిషాలు ఆగండి, వెంటనే రాలేదని వదిలేయొద్దు, నీళ్ళు రేకు మడతల్లో చుట్టూ తిరిగి నిదానంగా బయటపడతాయి.

పాత పికప్పుల్లో ఎక్కువసార్లు దొరికే చోట్లు ఇవి. రబ్బరు బీడింగుతో కూర్చున్న ముందు అద్దం కింది మూలలు, అక్కడ రబ్బరు ఎండిపోయి బిగుసుకుంటుంది. ఇంజన్ వైపు గోడలోంచి వైర్లు లోపలికి వచ్చే రబ్బరు గ్రోమెట్లు, ఎవరో హారన్ వైరు లాగడానికి కోసేసి అలాగే వదిలేస్తారు. డోరు బీడింగు. వెనక అద్దం రబ్బరు.

డోరు బీడింగుకి వేరే పరీక్ష ఉంది, డోరు సందులో కాగితం ముక్క పెట్టి డోరు వేసి లాగండి, బిగుతుగా వస్తే సరే, జారి వచ్చేస్తే అక్కడ బీడింగు కూర్చోవట్లేదు. డోరు చుట్టూ ఇలాగే చూసుకుంటూ వెళ్తే పావుగంటలో తేలిపోతుంది. కొత్త బీడింగు వేసేముందు డోరు వంగిందా, హింజిలు అరిగాయా చూడాలి, తెరిచిన డోరుని చివర పట్టుకుని పైకి ఎత్తితే కదులుతుందంటే హింజి పిన్నులు, బుష్షులు పోయాయి, వాటిని మార్చకుండా బీడింగు వేస్తే డబ్బులు దండగ.

వాన లేకుండానే ప్యాసింజర్ కాళ్ళ దగ్గర తడి ఉంటే ఏసీ నీళ్ళు బయటకి పోయే పైపు మట్టితో మూసుకుపోయిందని అర్థం. తడి జిడ్డుగా ఉండి తియ్యటి వాసన వస్తుంటే అది కూలెంటు, హీటర్ దగ్గర లీకు, అది వేరే కథ, రేడియేటర్ పని చేసేవాళ్ళకి చూపించండి.

అన్నిటికంటే ఎక్కువ మంది పట్టించుకోనిది డోరు కింద అంచులో ఉండే చిన్న కన్నాలు. అద్దం సందులోంచి డోరు లోపలికి నీళ్ళు పోవడం మామూలే, బండి తయారయ్యేటప్పుడే దానికోసం కింద కన్నాలు పెడతారు. అవి మట్టితో మూసుకుపోతే డోరు లోపల నీళ్ళు నిలబడి కింద అంచు లోపలినుంచి కుళ్ళిపోతుంది. సన్న తీగతో పొడిచి, పైన అద్దం సందులోంచి మగ్గుడు నీళ్ళు పోసి ధారగా కారుతున్నాయో లేదో చూడండి. పెయింట్ వేసేటప్పుడు, అండర్ కోటింగ్ (బండి కింది రేకుకి కొట్టే నల్ల పూత) కొట్టించేటప్పుడు ఆ కన్నాలు మళ్ళీ మూసేస్తారు, దగ్గరుండి చూసుకోవాలి.

లీకు కట్టడానికి అద్దం రబ్బరు కిందకి వాడే సీలెంటు ట్యూబు వాడండి, బాత్రూం టైల్సుకి వాడే సిలికాన్ వద్దు, చాలా రకాలు ఆరేటప్పుడు పుల్లటి యాసిడ్ వాసన వస్తాయి, ఆ యాసిడ్ రేకుకి మంచిది కాదు, తర్వాత దాని మీద పెయింట్ కూడా పట్టదు.

రెండో పని: తుప్పు

స్క్రూడ్రైవర్ పిడితో నేల అంతా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్ళిన చోట చప్పుడు మందంగా వస్తుంది. అనుమానం ఉన్నచోట మొనతో పొడవండి. ఇప్పుడు రేకు పోతే పోనీ, ఎలాగూ పోయిన రేకే అది.

పైపైన ఎర్రగా పట్టిన తుప్పు అయితే మీరే చేసుకోవచ్చు. వైర్ బ్రష్ కప్పుతో మెరిసే రేకు వచ్చేదాకా గీకి, 80 నంబరు ఎమిరీతో చుట్టూ పెయింట్ అంచు నున్నగా కలిసేలా తోమండి. గుంటల్లో నల్లగా మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రాయాలి, అది తుప్పుని గట్టి నల్లటి పొరగా మార్చేస్తుంది. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, కడగమంటే కడిగి, పూర్తిగా ఆరాక అదే రోజు ప్రైమర్ వేసేయండి. గీకిన రేకుని రాత్రంతా వదిలేస్తే మన కోస్తా గాలికి పొద్దున్నకే మళ్ళీ ఎరుపు తిరుగుతుంది.

ప్రైమర్ దగ్గర నా ఉద్దేశం గట్టిగానే చెప్తా. హార్డ్‌వేర్ షాపులో అడిగితే రెడ్ ఆక్సైడ్ ఇస్తారు, గేట్లకి, గ్రిల్స్‌కి అది బాగానే పనిచేస్తుంది, కానీ క్యాబిన్ నేలకి రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. రెడ్ ఆక్సైడ్ పొరలోంచి తేమ దిగుతుంది, ఎపాక్సీ పొర తేమని ఆపుతుంది. రెండు కోట్లు, రేకులు కలిసే అతుకుల మీద సీమ్ సీలర్, ఆ పైన పెయింట్. కింది వైపు కూడా ఇదే వరస, చివర్లో అండర్ కోటింగ్. తుప్పు మీదే నల్ల అండర్ కోటింగ్ కొట్టించేవాళ్ళు ఉంటారు, దానికి ఒప్పుకోవద్దు, లోపల తడిని మూసిపెట్టినట్టు అవుతుంది.

కన్నాలు పడితే అది టింకరింగ్ పని, అంటే రేకు కోసి అతికే పని. లప్పం పూసి, ఎం సీల్ నొక్కి, పైన పెయింట్ వేసి అమ్మేవాళ్ళు చేసే పని మీ బండికి చేయొద్దు. గట్టి రేకు వచ్చేదాకా కోసి, 18 గేజి రేకు పట్టీ కొలతకి వంచి వెల్డింగ్ చేయించాలి. పల్చటి క్యాబిన్ రేకుకి మామూలు రాడ్డు వెల్డింగ్ కంటే సీఓ2 వెల్డింగ్ మేలు, రేకు కాలిపోయి కన్నాలు పడవు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని చేసే షెడ్లు వరసగా ఉంటాయి, గీకడం, విప్పడం అంతా ఇంటిదగ్గర మీరే చేసి తీసుకెళ్తే వాళ్ళకి వెల్డింగ్ ఒక్కటే మిగులుతుంది, కూలి బాగా తగ్గుతుంది.

వెల్డింగ్ మొదలవ్వకముందు మీరే చూసుకోవాల్సినవి: బ్యాటరీ మైనస్ విప్పాలి, డైనమో కనెక్షన్, ఇంజన్ కంప్యూటర్ ఉంటే దాని కనెక్టర్లు తీయాలి, ఆ రేకు వెనక డీజిల్ పైపు, బ్రేకు పైపు, వైర్ల కట్ట వెళ్తున్నాయేమో కిందనుంచి చూడాలి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు పట్టీకి పక్కనే తగిలించాలి, ఎక్కడో బంపర్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోతుంది. సీటు బిగించే చోట, సీటు బెల్టు బోల్టు దిగే చోట, క్యాబిన్ ఛాసిస్ మీద కూర్చునే మౌంటింగుల దగ్గర తుప్పు ఉంటే ఆ పని అనుభవం ఉన్నవాళ్ళతోనే చేయించండి. బ్రేక్ కొట్టినప్పుడు మనిషిని ఆపేవి అవే.

మూడో పని: వైర్లు

పాత పికప్ డ్యాష్‌బోర్డు కిందకి తలపెట్టి చూస్తే ఒక్కో ఓనరు లాగిన వైర్లు కనిపిస్తాయి, మెలితిప్పి టేపు చుట్టినవి, టేపు ఎండకి కరిగి జిగురు కారినవి. వీటిని ముందు శుభ్రం చేయాలి, వీటి మీదే ఇంకో స్టీరియో వైరు కలపొద్దు.

ముందు బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉంటే ఫుల్లు, 12.2 అంటే సగం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. ఇంజన్ ఆన్‌లో 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి, లేకపోతే డైనమో సంగతి తేల్చండి. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే మైనస్ వైరు విప్పి, మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టి, వైరుకీ బ్యాటరీకీ మధ్య కలపండి. అన్నీ ఆపి ఉంచితే 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ మీటర్ చూడండి, ఏది పీకితే పడిపోయిందో దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. ఈ పరీక్ష జరిగేటప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది.

తర్వాత ఎర్త్, అంటే కరెంటు బండి రేకులోంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి. పాత బండ్లలో లైట్లు మసకగా వెలగడం, ఇండికేటర్ వేస్తే ఇంకేదో వెలగడం, ఇలాంటి వింతలన్నిటికీ ఎక్కువగా కారణం ఎర్త్ సరిగ్గా లేకపోవడమే. హెడ్‌లైట్లు వేసి, మీటర్ ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, రెండోది క్యాబిన్ రేకు మీద పెట్టండి, 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు బోల్టులు విప్పి, కింద రేకు మెరిసేలా గీకి, మళ్ళీ బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి వెళ్ళే అల్లిక పట్టీలు తెగాయేమో కూడా చూడండి.

హెడ్‌లైట్ వెలుతురు చాలట్లేదని 100 వాట్ల బల్బులు వేసేవాళ్ళని చూస్తుంటే బాధేస్తుంది. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది, రెండిటికీ 10. ఆ కరెంటు మొత్తం పాత స్విచ్చులోంచి, సన్నటి వైర్లలోంచి వెళ్తూ దారిలోనే వోల్టేజి పడిపోతుంది. వాట్లు పెంచితే వైరు కాలుతుంది, ఎదురొచ్చేవాడి కళ్ళు పోతాయి, పైగా రూల్ ఒప్పుకోదు. దీనికి రిలే పెట్టాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు. రిలేలో 30 నంబరు పిన్నుకి బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 87 నుంచి బల్బుకి, పాత హెడ్‌లైట్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. డిమ్ముకి ఒకటి, బ్రైట్‌కి ఒకటి, రెండు రిలేలు. అదే 60 వాట్ల బల్బు తేడా కళ్ళకి కనిపించేంత వెలుగుతుంది. బ్యాటరీ నుంచి లాగే ఏ వైరుకైనా బ్యాటరీకి జానెడు దూరం లోపే ఫ్యూజు ఉండాలి, ఫ్యూజు వైరుని కాపాడటానికి కాబట్టి అవతలి చివర పెడితే మధ్యలో రాసుకున్నప్పుడు ఉపయోగం లేదు. ఫ్యూజు రంగులు గుర్తుపెట్టుకోండి, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పోయిన దాని బదులు పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం చేశారంటే తర్వాత కాలేది వైర్ల కట్టే.

ఫోన్ ఛార్జర్, చిన్న ఫ్యాన్, స్టీరియో కావాలంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైను నుంచి ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు ఉండే చోటే ఇంకో లైను తీసే ముక్క) పెట్టి తీసుకోండి. అతుకులు లగ్గుతో నొక్కి, పైన హీట్ ష్రింక్ స్లీవు (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వేయండి, రేకు అంచు దాటే ప్రతి చోటా గ్రోమెట్ పెట్టండి.

డోరు లోపల

అద్దం తిప్పే హ్యాండిల్ కొన్నిటికి మధ్యలో స్క్రూతో ఉంటుంది, కొన్నిటికి వెనక స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. క్లిప్పు అయితే హ్యాండిల్ వెనక సందులోకి గుడ్డ పేలిక దూర్చి రెండు చివరలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే క్లిప్పు పైకి వచ్చేస్తుంది, ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి అవతల చెయ్యి అడ్డం పెట్టండి. ప్యానెల్ తీశాక లోపల ప్లాస్టిక్ కవరు లేకపోతే మందపాటి పాలిథిన్ కోసి జిగురు టేపుతో అంటించండి, కింది అంచు డోరు లోపలికి మడవాలి, అప్పుడే నీళ్ళు ప్యానెల్ మీదకి కాకుండా లోపలికి జారతాయి. లాక్‌ని కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టండి, అద్దం జారే రబ్బరుకి మాత్రం గ్రీజు, ఆయిలు వద్దు, సిలికాన్ స్ప్రే ఒక్కటే.

వేడి, చప్పుడు

మే నెలలో లోడుతో వెళ్తుంటే క్యాబిన్‌లో వేడి రూఫ్ నుంచీ ఇంజన్ గోడ నుంచీ వస్తుంది. ముందు రూఫ్ లైనింగ్ తీసి పైన రేకుకి డ్యాంపింగ్ షీట్లు, వాటి మీద ఫోమ్ అంటించండి. డ్యాంపింగ్ షీటు అంటే అల్యూమినియం రేకు ఉన్న బ్యూటైల్ రబ్బరు షీటు, రేకు అదరకుండా ఆపుతుంది, దాన్ని రేకు మొత్తం పరచక్కర్లేదు, మధ్యభాగంలో పావు వంతు నుంచి మూడో వంతు చాలు, కాకపోతే రోలర్‌తో గట్టిగా నొక్కాలి. ఇళ్ళ స్లాబుకి వాడే తారు షీటు చవగ్గా వస్తుందని తెచ్చారంటే ఎండకి కరిగి వాసనకి కూర్చోలేరు. ఫోమ్ నీళ్ళు పీల్చని రకమే కావాలి, నీళ్ళ గిన్నెలో ముక్క ముంచి పిండి చూడండి, నీళ్ళు కారితే అది స్పంజి, నేల మీద అసలు వాడొద్దు.

జారిపోయిన రూఫ్ లైనింగ్‌కి పిన్నులు గుచ్చి నెట్టుకొస్తుంటారు. గుడ్డ వెనక స్పంజి పొడి అయిపోయి ఊడుతుంది కాబట్టి బోర్డు విప్పి ఆ పొడి మొత్తం గీకేసి, కొత్త గుడ్డకీ బోర్డుకీ రెండిటికీ ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు పల్చగా రాసి, చేత్తో తాకితే అంటుకోనంతగా ఆరాక, మధ్యనుంచి అంచులకి నొక్కుకుంటూ రండి. డోర్లన్నీ తెరిచి బయటే చేయండి, ఆ జిగురు ఆవిరి తల తిప్పుతుంది, అంటుకుంటుంది కూడా.

సీటు

ఇప్పుడు సీటు. ఫోమ్ 40 డెన్సిటీ అడగండి, తక్కువ డెన్సిటీది మెత్తగా ఉన్నా నాలుగు నెలల్లో అణిగిపోయి కింద ఇనుము తగులుతుంది. నడుముకి దన్ను వచ్చే చోట కాస్త ఎత్తుగా పెట్టించండి, రోజంతా నడిపేవాళ్ళకి అన్నిటికంటే సుఖం అదే. రెక్సిన్ అయితే కూర్చునే భాగంలో సన్న కన్నాలున్న రకం తీసుకోండి, చెమట పట్టదు. కుట్టు పని కుషన్ షాపులో ఇచ్చేయడమే నయం. సీటు ఎత్తు పెంచడానికి బ్రాకెట్ల కింద ఇనుప ముక్కలు పెట్టొద్దు, పాత బోల్టులు పాడైతే తల మీద 8.8 అని (బోల్టు బలం గుర్తు) ఉన్నవే అదే కొలతలో తీసుకోండి. వారం నడిపాక ఒకసారి మళ్ళీ బిగించండి.

కింద మ్యాట్ జిగురుతో అంటించకండి, రబ్బరు మ్యాట్ ఊరికే పరచండి, నెలకోసారి ఎత్తి ఆరబెట్టొచ్చు.

ఫిట్‌నెస్‌కి వెళ్ళేముందు

లైనింగ్, సీటు ఫోమ్, ఫ్యాన్ లాంటివాటితో ఇబ్బంది ఉండదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు, అంటే సీట్ల సంఖ్య, బాడీ రకం లాంటివి ఆర్టీఓ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు, తొట్టిలో బెంచీలు వేసి మనుషుల్ని ఎక్కించడం అసలే వద్దు. అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించొద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, వెలుతురు ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం అయినా రావాలి. ముందు బిగించే ఇనుప బుల్ బార్ల మీద 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ చర్యలు తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, ఉంటే విప్పేయండి.

రవాణా బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఫిట్‌నెస్ ఏడాదికోసారి చేయించాలి, కాబట్టి పాత పికప్ ప్రతి ఏడాదీ బ్రేక్‌కి, అంటే ఫిట్‌నెస్ తనిఖీకి, వెళ్ళాల్సిందే. పెయింట్ పని అయ్యాక రిఫ్లెక్టివ్ టేపు మళ్ళీ అంటించడం మర్చిపోతారు, ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. టేపు అంటించేముందు ఆ జాగా థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వండి, కొత్త పెయింట్ మీద అయితే వారం ఆగండి, లేకపోతే టేపుతో పాటు పెయింటూ లేచొస్తుంది.